ఏడో చీటీ

బీరువాల గది తాళం నా దగ్గరే ఉంటుంది.
త్బిలిసిలో వాన పట్టుకుంటే కిటికీ కింద గోనెపట్టా పరచడం,
పురుగు తొలిచిన కాగితాల్ని వారం పాటు ఫ్రీజర్‌లో దాచడం,
ఊడిన కాడల్ని గోధుమ జిగురుతో అంటించడం,
ఇంతే నా ఉద్యోగం.
పేర్లు పెట్టే పని పెద్దవాళ్లది.

ఆ కాగితం మీద ఒక గంటపువ్వు.
ఖెవ్‌సురేతి కొండల్లో, రాతి పగులులోంచి
పందొమ్మిది వందల ముప్పై నాలుగు ఆగస్టులో పీకిన మొక్క.
నీలం ఎప్పుడో పోయింది, టీ మరక రంగు మిగిలింది.
వేరుకంటిన మట్టి మాత్రం ఇంకా మట్టిలాగే ఉంది.

కుడివైపు మూల, పక్కపక్కనే ఆరు చీటీలు.
మా దగ్గరొక నియమం:
పాత చీటీ పీకకూడదు.
తప్పయినా సరే,
దాని పక్కనే ఒప్పు వచ్చి కూర్చోవాలి.

మొదటాయన నల్లసిరాతో గుండ్రంగా ఒక పేరు రాశాడు.
రెండో ఆయన రక్షకపత్రాల సందుల్లో
వెనక్కి మడుచుకున్న బుల్లి తోకలు చూసి
వేరే గుంపులోకి నెట్టాడు.
లెనిన్‌గ్రాడ్ నుంచి వచ్చిన మూడో ఆయన
ఇక్కడ ఉన్నది రెండు రోజులు,
తోకలకంత విలువ అక్కర్లేదని మళ్లీ పాత గూటికే చేర్చాడు.
నాలుగో ఆయన ఏకంగా ఇల్లే మార్చేశాడు.
పువ్వులకు ఇంటిపేరే ముందు;
ఇల్లు మారితే సొంత పేరు కూడా
చివర అక్షరం మార్చుకోవాలి, కొత్త కోడలిలా.

ఐదోది పెన్సిల్‌ది.
ఎతెరి అని ఒక విద్యార్థిని, అరవై ఒకటిలో.
పేరేమీ రాయలేదు.
"కాయ చూడాలి" అంది, అంతే.

ఆరో ఆయన దాని మీద అడ్డగీత కొట్టాడు.
"ఈ నమూనాకు కాయ లేదు."
నియమం ప్రకారం గీత కూడా కొట్టకూడదు.

తొంభై మూడు చలికాలంలో కరెంటు లేదు, గ్యాసు లేదు.
ఊళ్లో జనం బల్లలు విరిచి పొయ్యిలో పెట్టుకున్నారు.
మా వాచ్‌మన్ గోదెర్జీ తన ఇంటి మధ్యతలుపు తగలబెట్టుకున్నాడు.
ఈ గదిలో మాత్రం అగ్గిపుల్ల గీయలేదు.
ఇంత ఎండుగడ్డి మధ్య కూర్చుని
చలికి వణికిన మనుషులు
లోకంలో మేమే అయి ఉంటాం.

పోయిన మంగళవారం
ఆ కాగితం ఎడమ పైమూల జిగురు వదిలింది.
అక్కడొక పొట్లం, పాత వార్తాపత్రిక ముక్కతో కట్టింది.
విరిగిన ఆకులనుకున్నారేమో అందరూ.
అసలు చూశారో లేదో.

విప్పాను.
మూడు కాయలు,
మిరియం కన్నా కాస్త పెద్దవి.

వేలాడే కాయకు కంత తొడిమ దగ్గర,
నిటారు కాయకు కంత కొన దగ్గర.
గాలి వచ్చి ఊపితేనే గింజ రాలాలి, ఊరికే ఒలికిపోకూడదు.
ఇరవై ఆరేళ్లుగా వింటున్నాను కదా,
ఆ మాత్రం నాకూ తెలుసు.
భూతద్దం పెట్టాను.
కంతలు కొన దగ్గర.

తోకలున్నాయి. పైన కంతలున్నాయి.
రెండూ ఒకే ఇంట్లో ఉండవని
బల్ల మీది లావు పుస్తకం అంటుంది.
పుస్తకం చూశాను. కాయ చూశాను.
కాయ ఏమీ మార్చుకోలేదు.

ఎతెరి కోసం పాత రిజిస్టర్లు తిరగేశాను.
రుస్తావిలో బడి పంతులమ్మగా చేరిందట.
పక్కనే ఐదంకెల ఫోన్ నంబరు.
ఇప్పుడు ఐదంకెలకు ఏ ఇల్లూ పలకదు.

పేర్లు పెట్టే పని పెద్దవాళ్లది.
చీటీలు అంటించే పని నాది.
తెల్లకాగితం చిన్నగా కత్తిరించి
పెన్సిల్‌తోనే రాశాను:
"కాయ ఉంది. పైమూల పొట్లంలో."
కింద తేదీ. కింద నా పేరు, నాతెలా.
చీటీ మీద నా పేరు రాసుకోవడం ఇదే మొదలు.

పొట్లం మళ్లీ అవే మడతల్లో మడిచాను.
బల్ల మీద ఒక్క గింజ మిగిలిపోయింది,
దాన్ని వేలి తడితో ఎత్తి లోపల వేశాను.

జిగురు ఆరాలి.
చీటీ మీద గుడ్డ చుట్టిన ఇటుక పెట్టి
లైటు తీసేశాను.
బయట వాన మొదలైంది,
గోనెపట్టా ఎక్కడ పెట్టానో వెతకాలి.